ఎనభై రెండుకు తెగిన బేరం

నెల్లిమర్లలో జూట్ మిల్లుకు వెళ్ళే దారిలో మా నాన్నకు చిన్న కిరాణా కొట్టు ఉండేది. నేను నడక నేర్చింది బియ్యం బస్తాల మధ్య, మాట నేర్చింది తక్కెడ పక్కన. అందుకని నా మాటలో సగం బేరమే ఉంటుంది. పెళ్ళిచూపుల్లో అమ్మాయి నాలుగు పాటలు పాడుతుందన్నారు. రెండు చాలన్నాను. డాక్టరు మూడు పూటలా మాత్ర వేసుకోమంటే "రెండు పూటలకు చేసుకోండి సార్" అన్నాను. ఎక్కడికి వెళ్ళినా ఎంతో కొంత తగ్గించుకుని వస్తేనే నాకు ఆ రోజు పనిచేసినట్టుండేది. ఈ గుణం వల్ల కలిసొచ్చినవి చాలా ఉన్నాయి. అవి చెప్పడానికి కూర్చోలేదు. ఉద్యోగంలో కొత్తగా చేరి కంప్యూటరు ముందు కూర్చుంటున్న పిల్లలు ఎవరైనా చదువుతారేమోనని ఒకే ఒక్క బేరం గురించి రాస్తున్నాను. అందులో నేను గెలిచాననే అనుకున్నాను.

చివరి పన్నెండేళ్ళు శ్రీకాకుళం జిల్లాలో ఒక ట్రస్టు ఆసుపత్రిలో రికార్డుల విభాగంలో పనిచేశాను. ఆసుపత్రి పేరూ మనుషుల పేర్లూ చెప్పను. కథకు రెండు పేర్లు కావాలి గనుక అవి మాత్రం మార్చి రాస్తాను. ఆ చుట్టుపక్కల కొబ్బరి, జీడి తోటల ఊళ్ళలో కిడ్నీ జబ్బు ఎలా ఉందో ఈ ప్రాంతంవాళ్ళకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. మా దగ్గర డయాలసిస్ మెషిన్లు కొన్నే ఉండేవి. ఒక్కొక్క రోగికి వారానికి రెండుసార్లు, వచ్చినప్పుడల్లా నాలుగేసి గంటలు. ఒకరు తప్పుకుంటేగాని ఇంకొకరికి చోటు దొరకదు. తప్పుకోవడమంటే ఏమిటో విడమర్చి చెప్పక్కరలేదు కదా. మిగతా వాళ్ళందరూ జాబితాలో ఉండేవారు. ఆ జాబితా నా దగ్గర ఉండేది.

నిజానికి జాబితాలు రెండు. ఒకటి ఊళ్ళలో శిబిరాలు పెట్టినప్పుడు ఆరోగ్య కార్యకర్తలు రాసుకొచ్చినది. రెండోది ఆసుపత్రికి వచ్చి కౌంటరులో కార్డు చూపించి నమోదు చేయించుకున్నవాళ్ళది. శిబిరంలో రాయించుకున్నవాళ్ళు చాలామంది మళ్ళీ కౌంటరుకూ వచ్చేవారు, ఎందుకైనా మంచిదని. దాంతో ఒక మనిషి రెండు చోట్ల ఉండేవాడు. ఆ రెండు జాబితాలనూ కలిపి, ఒక మనిషికి ఒక్క వరసే ఉండేలా చేయమన్నారు.

కౌంటరు జాబితాలో కార్డు మీదున్న పూర్తి పేర్లు. శిబిరం జాబితాలో అన్నీ పొట్టిపేర్లు. ఇంటిపేరుకు ఒక అక్షరం, చుక్క. సూర్యనారాయణ అయితే సూ.నా., అప్పలనాయుడు అయితే అ.నాయుడు. కాగితంలో గడి ఇరుకు, తల మీద ఎండ, ముందు క్యూ. రాసిన ఆవిడను నేను తప్పుపట్టను. (అసలు జాబితాలు ఇంగ్లీషు అక్షరాల్లో ఉండేవి. చదివేవాళ్ళ సౌకర్యం కోసం తెలుగులో రాస్తున్నాను.) కళ్ళతో చూసి కలపాలంటే నా సర్వీసు అయిపోతుంది. అందుకని ఎక్సెల్‌లో మాక్రో రాశాను.

మాక్రో అంటే మన చేతిపనిని వరసగా కంప్యూటరుకు నేర్పిపెట్టడం. ఒప్పు నేర్పితే అలసిపోకుండా ఒప్పు చేస్తుంది, తప్పు నేర్పితే అంతే ఓపికగా తప్పు చేస్తుంది. నేను ఏభై దాటాక తడుముకుంటూ నేర్చుకున్నాను గనుక కొత్తగా సైకిలు నేర్చినవాడిలా పని లేకపోయినా తొక్కుతూ ఉండేవాణ్ణి. ముందు పొట్టిపేర్ల పట్టీ ఒకటి తయారుచేశాను. ఎడమపక్క పొట్టి రూపం, కుడిపక్క పూర్తి రూపం. ఊరు చూసి, ఆ ఊళ్ళో ఉన్న ఇంటిపేర్లు చూసి, 'కె.' అంటే ఇక్కడ కోరాడ అని మాక్రోయే పూర్తి చేసుకునేది. తరువాత రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టి, ఊరూ వయసూ ఫోను నంబరూ చూసి, ఇద్దరూ ఒకరే అనడానికి నూటికి ఇన్ని మార్కులని వేసేది.

మా నాన్న కొట్టులో డబ్బాల మీద కూడా ఒక్కొక్క అక్షరమే రాసి ఉండేది. 'శె' అని రెండు డబ్బాలు. ఒకదానిలో శెనగపప్పు, ఇంకోదానిలో శెనగపిండి. ఆయన ఏనాడూ పొరబడలేదు. నాకూ ఆ విద్య వచ్చేసిందని గర్వపడ్డాను. ఆయన అక్షరం చదివేవాడు కాదు, డబ్బానే ఎరుగును. ఆ తేడా అప్పుడు నాకు తట్టలేదు.

మా ప్రాంతంలో ఇంకో చిక్కుంది. అమ్మవారి పేరో, అప్పన్న పేరో, పోయిన తాత పేరో పెట్టుకుంటారు గనుక ఒకే ఇంట్లో ఒకే పేరుతో ఇద్దరుండటం వింతేమీ కాదు. పిలవడానికి పెద అనీ చిన అనీ చేరుస్తారు. శిబిరం జాబితాలో అవి కూడా 'పె.', 'చి.' అయిపోయాయి. ఈ సంగతి నాకు తెలియదని తప్పించుకునే దారి లేదు. మా పెదనాన్న కొడుక్కీ నాకూ ఒకే తాత పేరు పెట్టారు. వీధి వీధంతా నన్ను 'చిన' అనే పిలిచేది.

తెలుసు గనుకనే మార్కులను మూడు కుప్పలు చేశాను. తొంభైకి పైన వస్తే ఇద్దరూ ఒకరే, మాక్రో కలిపేస్తుంది. అరవైకి కింద అయితే వేరువేరు మనుషులు. మధ్యలో ఉన్నవాళ్ళకు ఫోను చేసి అడగాలి. 'చి.' లాంటి ఒక్క ముక్క తేడా ఉన్నవాళ్ళు ఆ మధ్య కుప్పలో పడాలన్నది నా ఉద్దేశం. ఇంతవరకు బుద్ధిగానే ఉన్నాను.

ఆ కాగితం పట్టుకుని మేనేజరుగారి గదిలోకి వెళ్ళాను. ఆయన చెడ్డవారు కారు. వారిది సంగీతం ఉన్న ఇల్లు. ఫైళ్ళ మీద సంతకాలు పెడుతూ కూనిరాగం తీసేవారు. ఆ రోజు రాగం లేదు. ట్రస్టు కమిటీ వచ్చే వారం చూడటానికి వస్తున్నది.

"ఎంతమంది తగ్గుతారు?" అన్నారు.

"తగ్గడం కాదు సార్. రెండుసార్లు ఉన్నవాళ్ళు ఒకసారి అవుతారు."

"అదేనయ్యా, ఎంతమంది? జాబితా సూస్తే పండక్కి బస్ స్టాండులా ఉన్నాది. ఈ తొంభై ఏటి? డెబ్బై అయిదు పెట్టు."

"డెబ్బై అయిదా! డెబ్బై అయిదుకి రాముడూ రాములమ్మా ఒకరైపోతారు సార్."

ఆయన నవ్వారు. ఎదుటివాడు నవ్వాడంటే బేరం మొదలైందన్న మాట. నా నరాల్లో మా నాన్న కొట్టు తెరుచుకుంది. ఇక అక్కడ రోగులు లేరు, ఒక అంకె ఉంది, దానికి అటు ఆయన, ఇటు నేను.

"పోనీ, ఎనభై."

"ఎనభై ఎనిమిది. ఫోన్లు చెయ్యడానికి ఒక మనిషిని ఇవ్వండి."

"మనిషెక్కడున్నాడయ్యా? ఉన్నోలే సెలవులో ఉన్నారు."

"అయితే ఎనభై అయిదు. మనిషి లేకపోతే ఆ మధ్య కుప్పను నేనెప్పుడు తెమల్చను?"

"మధ్య కుప్పే వద్దు. ఒక గీత గియ్యి. పైనున్నోలు ఒకరే, కిందున్నోలు ఇద్దరు. ఎనభై రెండు. ఇంక మాటాడకు."

నేను ఆగాను. బేరంలో ఆగడం కూడా ఒక ఎత్తు. ఆయన నా వైపు చూసి, "నీ కుర్చీకి సెక్రం ఊడిపోనాదని మొన్న రాసినావు కదా. కొత్తది తీసుకో," అన్నారు.

"చేతులున్నది సార్," అన్నాను.

"సరే, సేతులున్నదే."

తొంభై నుంచి ఎనభై రెండుకు నేను దిగాను. డెబ్బై అయిదు నుంచి ఎనభై రెండుకు ఆయన ఎక్కారు. ఆయన ఏడు మెట్లు, నేను ఎనిమిది. కుర్చీతో సరిపోయిందనుకున్నాను. ఫోన్లు చేయడమనే పనే ఎగిరిపోయిందన్న సంగతి బేరం వేడిలో నాకు నష్టంలా కనిపించలేదు. ఇంకా పని తగ్గిందనిపించింది. ఇంటికి వెళ్ళి మా ఆవిడకు గొప్పగా చెప్పుకున్నాను.

ఇంకొక్క మాట చెప్పాలి. రెండు వరసలను ఒకటి చేసినప్పుడు నమోదు తేదీలు రెండుంటాయి. ఏది ఉంచాలి? ముందున్నదే ఉంచేలా రాశాను. పాపం, రోగికి మేలు జరగాలని. ఈ ఒక్క దయ నా సొంతం. ఎవరితోనూ బేరమాడలేదు.

కమిటీ వచ్చి చూసింది. జాబితా శుభ్రంగా ఉందని మెచ్చుకుంది. కొత్త కుర్చీ గుండ్రంగా తిరిగేది.

కొన్ని నెలలు గడిచాయి. ఒక గురువారం మధ్యాహ్నం భోజనం డబ్బా మూత పెడుతుంటే ఒకావిడ గుమ్మంలో నిలబడింది. నలభై అయిదు దాటి ఉంటాయి. మోచేతి మడత దగ్గర దూది పెట్టి ప్లాస్టరు వేసి ఉంది. అప్పుడే డయాలసిస్ ముగించుకుని వస్తున్నదని తెలిసింది.

"పేర్లు సూసేది మీరేనా బాబూ?"

"నేనే. ఏం కావాలమ్మా?"

"మా సెల్లి పేరు సూడండి. నాను కౌంటరులో రాయించుకోకముందే అది శిబిరంలో రాయించుకున్నాది. నాకు వచ్చీసినాది గాని దానికింకా రాలేదు. కౌంటరులో మా మరిది మూడు మాట్లు అడిగినాడు. పేరున్నాది, వారానికి రెండు మాట్లు వస్తన్నారు కదా అంతన్నారట. వస్తన్నది నాను బాబూ. అది కాదు."

"ఆమె పేరు?"

"కోరాడ పైడమ్మ."

"మీ పేరు?"

"కోరాడ పైడమ్మే." నా మొహం చూసి తానే నవ్వింది. "నాను పెద్దకోడలిని, అది సిన్నకోడలు. తోటికోడలే గాని సెల్లనే అంతాను. మా అత్త అనీది, ఒక్క కేకేస్తే ఇద్దరు కోడళ్ళు పలుకుతారు, మనింటికి లాభమేనని."

నేను నవ్వలేదు. తీసేసిన వరసలన్నిటినీ వేరే షీటులో దాచి ఉంచాను, కొట్టులో చిరిగిన సంచులు కూడా పారేయని అలవాటు కొద్దీ. అది తెరిచాను. కె. చి. పైడమ్మ. ఊరు అదే, ఇంటి నంబరు అదే, ఫోను అదే. ఇంట్లో ఉన్నది ఒక్క మరిది ఫోనే. వయసులో రెండేళ్ళ తేడా. మా ఊళ్ళలో వయసు అందరూ ఉజ్జాయింపుగా చెప్పేదే గనుక రెండేళ్ళను లెక్కచేయవద్దని నేనే రాశాను. ఒకే కప్పు కింద బతుకుతున్నారు గనుక అడిగిన ప్రతి సాక్ష్యమూ ఇద్దరూ ఒకరేనని చెప్పింది. కాదన్నది ఆ 'చి.' ఒక్కటే. మార్కులు ఎనభై నాలుగు.

తొంభై దగ్గర నిలబడి ఉంటే ఒక ఫోను కాల్. "మీ ఇంట్లో పైడమ్మలు ఎంతమంది?" అంతే ప్రశ్న.

"ఏటైనాది బాబూ? ఉన్నాదా లేదా?"

"పొరపాటు జరిగిందమ్మా. మీ ఇద్దరినీ ఒకరే అనుకుంది."

"ఎవులు?"

"కంప్యూటరు."

"దానికేటి తెలుస్తాది? సెప్పినోలు సరిగ్గా సెప్పాలి గాని."

ఇంత సూటిగా నన్ను ఏ ఆడిటరూ పట్టుకోలేదు. ఆమె బల్ల మీదికి వంగి తెర వైపు చూసింది. చదువు రాదనుకుంటాను, అయినా రెండు వరసల మీదా వేలుపెట్టి, "ఇది దానిది. ఇది నాది. మరి నాకు వచ్చిన వంతు ఎవలిది?" అని అడిగింది.

ముందున్న తేదీ ఉంచాలన్నది నా దయ. ముందున్న తేదీ చిన్నావిడది. ఆమె శిబిరం తేదీ మీద పెద్దావిడకు మెషిను దొరికింది. అబద్ధం చెప్పవచ్చు. నోట్లోకి వచ్చింది కూడా. ఎందుకో చెప్పలేకపోయాను.

"ఆమెది," అన్నాను.

ఆమె కాసేపు ప్లాస్టరు అంచును గోటితో గీకుతూ నిలబడింది.

"అయితే దాని కుర్సీలో నాను కూకున్నానన్న మాట. నాను లెగుస్తాను. దాన్ని కూకోబెట్టండి. నన్ను ఆఖర్న రాసుకోండి."

"అలా కుదరదమ్మా."

"ఎందుకు కుదరదు? వంతు దానిది. అది ఆయాసం వొచ్చినప్పుడల్లా బస్సెక్కి విశాఖ పోతన్నాది. దారిలో రెండు మాట్లు పడిపోనాది. నాకా, ఈడ సుఖంగా సెయ్యించుకుని ఇంటికెల్లి గంజి తాగి పడుకుంతన్నాను. ఇదేటి నాయం?"

డాక్టరుగారి దగ్గరికి తీసుకువెళ్ళాను. నడుస్తున్న డయాలసిస్ ఆపడమంటే చంపడమేనని, అది తన వల్ల కాదని ఆయన ఒక్క మాటలో చెప్పారు. సరైన మాటే. వెళుతూ వెళుతూ ఆమె నాతో, "మరైతే మీరే ఏదో ఒకటి సూడండి బాబూ. మీ సేతిలోదే కదా," అంది.

నేను మేనేజరుగారి దగ్గరికి వెళ్ళాను. ఇక్కడే ఈ కథలో నాకు ఎక్కువ సిగ్గేసేది. మొదటిసారి చేసినది తెలివితక్కువతనమని సర్దుకోవచ్చు. రెండోసారి అన్నీ తెలిసే వెళ్ళాను. ఆమె వంతు ఎప్పుడో వచ్చి వెళ్ళిపోయింది గనుక రేపు ఖాళీ అయ్యే మొదటి చోటు ఆమెకే రావాలి. అడగవలసింది అదొక్కటే. కాదంటే ట్రస్టుకు ఉత్తరం రాస్తానని నిలబడాలి.

"మళ్ళీ నమోదు సేసుకుని సివర పెట్టు," అన్నారాయన. "మద్దెలో దూరిస్తే కిందోలు ఊరుకుంతారేటి? జాబితా కమిటీ సంతకమై ఉన్నాది. తప్పు ఎలా జరిగిందని అడిగితే ఏటి సెప్తావు? ఇంకా నాలుగు నెలల్లో రిటైరవుతున్నావు."

"చివర అంటే ఏడాది పడుతుంది సార్. పైన పెట్టండి."

"పైన కుదరదు."

"పోనీ..."

ఆ 'పోనీ' నా నోటి నుంచే వచ్చింది. ఇప్పటికీ చెవిలో వినిపిస్తూనే ఉంటుంది. పోనీ అన్న తరువాత ఇంకేముంది, మధ్యకు వచ్చాం. చివరి నుంచి సగం పైకి ఎక్కించాను. మేనేజరుగారు పెద్ద ఉపకారం చేసినట్టు సంతకం పెట్టారు. నేనూ ఏదో సాధించినట్టే బయటికి వచ్చాను. ఒక మనిషి ఊపిరికి నేను పెట్టిన ధర నిర్ధారణ అయింది. సగం.

ఆ వారమంతా తీసేసిన మిగతా వరసలన్నిటికీ నేనే ఫోన్లు చేశాను. అందరూ నిజంగా రెండుసార్లు ఉన్నవాళ్ళే. తప్పు ఒక్కటే. "సూసినావా, ఒక్కటే," అని మేనేజరుగారు సంతోషించారు. మాక్రో చాలా బాగా పనిచేసిందన్నారు.

తరువాత నెల రోజులకు డయాలసిస్ వార్డులో ఏదో రిజిస్టరు కోసం వెళ్ళాను. అక్కడి సిస్టరు పాతికేళ్ళ సర్వీసు ఉన్న మనిషి. పలకరిస్తే కసురుకుంటుంది గాని రోగుల చేతి నరం ఒక్క పోటుకే పట్టుకునేది. కిటికీ పక్క మంచం మీద పెద్దావిడ చోటులో ఇంకెవరో పడుకుని ఉన్నారు. సన్నగా, మొహం ఉబ్బి. మంచానికి తగిలించిన కార్డు మీద కోరాడ పైడమ్మ అనే ఉంది.

సిస్టరు వైపు చూశాను. ఆమె నన్ను వరండాలోకి తీసుకొచ్చింది.

"సూసినారు కదా. ఇంక అడక్కండి."

"ఎప్పటినుంచి?"

"ఆవిడ మీ గదిలోంచి వొచ్చిన మరుసటి వారం నుంచి. సోమారం పెద్దామె, గురారం సిన్నామె. సూది ఎక్కించడానికి ఇద్దరికీ ముందే సేతి నరం ఆపరేషనైంది, రక్తపరీక్షలన్నీ ఉన్నాయి. మొదటి దినమే పట్టీసినాను. తిట్టినాను. సిన్నామె ఏడిసింది. పెద్దామె బయట మెట్ల మీద కూకుని, 'కార్డు ఒక్కటే కదా సిస్టరమ్మా, మేం ఒకలమే అని మీ ఆఫీసులోనే సెప్పినారు' అన్నాది. ఏటి సెయ్యమంతారు?"

"వారానికి ఒకసారి చాలదు కదా సిస్టర్."

"ఇద్దరికీ సాలదు. నాకు తెల్దేటి?" ఆమె గొంతు తగ్గించింది. "డాక్టరుగారు రౌండుకొస్తే దుప్పటి కప్పుతున్నాను. నాను సెప్తే గురారం ఆపీస్తారు. సిన్నామె పోతాది. సెప్పకపోతే ఇద్దరూ మెల్లిగా పోతారు. మీరు సెప్పండి, ఏది బేరం?"

ఆమె నన్ను ఎత్తిపొడవాలని అన్నదో, మాటవరసకు అన్నదో తెలియదు. నేను చెప్పలేదు. అటు డాక్టరుగారికీ చెప్పలేదు, ఇటు మేనేజరుగారి దగ్గరికీ మళ్ళీ వెళ్ళలేదు. నా గదిలో కూర్చుని రోజూ ఉదయం జాబితా తెరిచి, కె. చి. పైడమ్మ ఎన్నో వరసలో ఉందో చూసేవాణ్ణి. పైవాళ్ళు ఎవరైనా పోతే ఒక మెట్టు ఎక్కేది. ఎవరైనా పోవాలని కోరుకుంటున్నానని ఒక ఉదయం గ్రహించాను. అయినా మరుసటి రోజూ తెరిచాను.

అలా రెండు నెలలు. నా రిటైర్మెంటుకు రెండు వారాలు ఉందనగా ఆమె పేరు మొదటి వరసకు వచ్చింది. ఒక చోటు ఖాళీ అయింది. ఫోన్లు చేయడం కౌంటరువాళ్ళ పని. నేనే చేస్తానన్నాను. తలుపు వేసుకుని మరిది నంబరు కలిపాను. ఆడగొంతు పలికింది.

"కోరాడ చిన పైడమ్మగారేనా అండీ?" అన్నాను. ఆ 'చిన' అన్న ముక్కను ఆసుపత్రి తరఫున పలకడం అదే మొదటిసారి. ఒత్తి పలికాను.



"సినేటి బాబూ? పెద్దెవలున్నారిప్పుడు?"

నాకు వెంటనే అర్థం కాలేదు.

"మా అక్క పోనాది. మూడు వారాలైనాది. నీరు పట్టీసి, ఊపిరాడక. సోమారం తనే ఎల్లాలి, నువ్వెల్లవే ఈ మాటు, నీకు మరీ బాగోలేదని నన్ను తోలీసినాది. అలగ రెండు సోమారాలు తోలీసినాది. నాకు తెల్దు బాబూ అది అంత సెడిపోనాదని. నవ్వుతానే ఉండీది."

"మాకెవరూ చెప్పలేదమ్మా."

"సెప్తే కార్డు మూసేస్తారని మా ఆయన వొద్దన్నాడు. తప్పేనండి. నాను వస్తన్నాను కదా, సోమారమూ గురారమూ. కార్డు తీసీకండి బాబూ. మీ కాళ్ళట్టుకుంతాను."

తీసేయనని చెప్పాను. ఫోను పెట్టేశాక మళ్ళీ ఆ జాబితా చూశాను. మా రికార్డుల ప్రకారం ఎవరూ చనిపోలేదు. కోరాడ పైడమ్మ వారానికి రెండుసార్లు తప్పకుండా వస్తున్నది. ఆమెకు ఇప్పుడు రెండు చోట్లున్నాయి. ఒకటి పాత కార్డు మీద, ఒకటి ఈ రోజు వచ్చిన వంతు మీద. ఒకటి మూయాలి. పెద్దావిడ చనిపోయిందని రాస్తే, చనిపోయిన మనిషి కార్డు మీద మూడు వారాలు డయాలసిస్ ఎవరికి చేశారని అడుగుతారు. పాతికేళ్ళ సర్వీసు సిస్టరు ఇంటికి పోతుంది. చిన్నావిడ ఏ చోటూ లేకుండా విచారణ పూర్తయ్యేదాకా బయట నిలబడుతుంది. నాకేమవుతుందని కూడా ఆలోచించాను. ఆలోచించలేదని రాయడానికి ఈ వయసులో ఓపిక లేదు.

మాక్రో అవసరం లేకపోయింది. పాత కార్డును చిన్నావిడకు అలాగే ఉంచి, కె. చి. పైడమ్మ వరసను నా చేత్తోనే ఎంచుకుని తొలగించాను. కారణం రాయవలసిన గడిలో 'డూప్లికేట్' అని రాశాను. ఇప్పుడది నిజం. ఇంట్లో ఒక్క పైడమ్మే ఉంది.

తరువాత జాబితాలో ఆమె కింద ఉన్న పేరుకు ఫోను చేసి, మీ వంతు వచ్చిందని చెప్పాను. అటువైపు ఎవరో సంతోషంతో ఏడ్చారు.